ఎనిమిది గ్రాముల ఆక్సిజన్ దగ్గర ఆగిపోయిన అమ్మాయికి

ఈ ఉత్తరం రాసింది ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతున్న అమ్మాయి. ఊరు పలాస దగ్గర. పేరు బయటపెట్టొద్దని రెండుసార్లు రాసింది, పెట్టను. నాలుగు పేజీల ఉత్తరంలో మూడో పేజీ నిండా కొట్టివేతలే ఉన్నాయి. అందులో నాకు అర్థమైనంత వరకు సంగతి ఇది.

పదో తరగతి దాకా ఊళ్లో ప్రభుత్వ బడిలోనే చదివింది. "పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు ఉండేవి మేడమ్. నేనెప్పుడూ తెలుగు పేజీయే చదివేదాన్ని" అని రాసింది. పదిలో మంచి మార్కులొచ్చాయి. వాళ్ల నాన్న హైదరాబాదులో బిల్డింగు పనికి వెళ్తారు. అమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేస్తుంది. డ్వాక్రా సంఘంలో అప్పు తీసి శ్రీకాకుళంలో హాస్టలున్న కాలేజీలో చేర్పించారు. అక్కడ పాఠం మొత్తం ఇంగ్లీషులోనే. కెమిస్ట్రీలో మోల్ భావన మీద 25 మార్కులకు పరీక్ష పెడితే ఈ అమ్మాయికి 4 వచ్చాయి. లెక్చరర్‌గారు మార్కులు క్లాసులో అందరి ముందూ చదివి, "మోల్ రానివాళ్లకి కెమిస్ట్రీ రాదు, కెమిస్ట్రీ రానివాళ్లకి ఎంపీసీ ఎందుకు" అన్నారట. ఆ ఆదివారం అమ్మ ఫోన్ చేసి అడిగితే నోట్లోంచి పద్దెనిమిది అని వచ్చేసింది. అమ్మ ఆ మాట వీధంతా చెప్పుకుంది. "ఇప్పుడు అమ్మ ఫోన్ చేస్తే స్నానానికి వెళ్లానని చెప్పించేస్తున్నాను. అన్నం కూడా సయించట్లేదు."

రూమ్మేటు ఎంపీసీ వదిలేసి సీఈసీకి మారిపోయి హాయిగా ఉందట. ఈ అమ్మాయేమో హోంవర్కు పక్కవాళ్ల పుస్తకంలో చూసి రాసేస్తోంది. పరీక్షలో తప్పిన మూడు లెక్కలూ, వాటికి తను రాసిన జవాబులూ ఉత్తరంలో దింపింది. ఇది చాలా మంచి పని, దీని సంగతి తర్వాత చెప్తాను. చివర్లో ఇలా రాసింది: "మా అమ్మకి చదువు రాదు. అయినా జీడిపప్పుని చేత్తో తీసి చూసి, ఇది రెండొందల నలభై, ఇది మూడొందల ఇరవై అని విడదీసేస్తుంది. ఆమె కూతుర్ని అయ్యుండి నాకు లెక్క ఎక్కడం లేదు. సీఈసీకి మారిపోనా? అమ్మకి ఏటని చెప్పను? మొదట్నుంచి ఎవరైనా చెప్తే నాకు మోల్ అర్థమవుతుందా?"

అమ్మాయీ, నీ మూడు ప్రశ్నల్లో చివరిదాన్ని ముందు పట్టుకుంటాను. అది తేలకుండా మొదటిదానికి జవాబు చెప్తే అది జవాబు కాదు, జోస్యం.

నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన వాక్యం నువ్వు బాధపడుతూ రాసినదే. మీ అమ్మ "రెండొందల నలభై" అంటుందన్నావు. ఆ అంకె ఏమిటో ఎప్పుడైనా అడిగావా? ఒక పౌను బరువుకి, అంటే దాదాపు 454 గ్రాములకి, ఎన్ని నిండు పప్పులు తూగుతాయన్నదే ఆ అంకె. రెండొందల నలభై రకమంటే పౌనుకి 220 నుంచి 240 పప్పులు. మూడొందల ఇరవై అంటే 300 నుంచి 320. నూట ఎనభై అంటే బాగా లావుపాటి పప్పు, పౌనుకి 170 నుంచి 180. అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నది. ఎగుమతికి కట్టే టిన్ను 11.34 కిలోలు ఉంటుంది. ఆ వింత అంకె ఎక్కడిదనుకుంటున్నావు? సరిగ్గా 25 పౌన్లు. మూడొందల ఇరవై రకం టిన్నులో ఎన్ని పప్పులు ఉంటాయంటే, ఎవరూ ఒక్కటొక్కటిగా లెక్కపెట్టకుండానే ఎనిమిది వేల దాకా అని చెప్పొచ్చు. తూచి లెక్కపెట్టడం అంటే ఇదే. మోల్ అంటే కూడా ఇదే. మీ ఇంట్లో పౌను, రసాయనశాలలో గ్రాము. అంతే తేడా.

ఇంకొక్క అడుగు వేద్దాం. దీన్ని కాగితం మీద నువ్వే చెయ్యి, నేను చేసింది చూసి తలూపకు. మూడొందల ఇరవై రకంలో ఒక్క పప్పు బరువెంత? 454ని 320తో భాగిస్తే దాదాపు 1.42 గ్రాములు. అలాంటివి వెయ్యి తీస్తే? 1.42 కిలోలు. నూట ఎనభై రకంలో ఒక్కటి 2.52 గ్రాములు, వెయ్యి తీస్తే 2.52 కిలోలు. అంకె మారలేదు చూడు, గ్రాము పోయి కిలో వచ్చింది. ఎందుకలా? మనం తీసుకున్న లెక్క వెయ్యి, కిలోకి గ్రాములూ వెయ్యే కాబట్టి. ఒక్కదాని బరువు చిన్న కొలతలో ఎంతో, వెయ్యింటి బరువు పెద్ద కొలతలో అంతే.

ఇప్పుడు పరమాణువు దగ్గరికి రా. ఒక్క పరమాణువును గ్రాముల్లో తూస్తే అంకె పలకడానికే రాదు. అందుకని దానికో చిన్న కొలత పెట్టుకున్నారు, పరమాణు ద్రవ్యరాశి ప్రమాణం అని. ఆ కొలతలో హైడ్రోజన్ 1, కార్బన్ 12, ఆక్సిజన్ 16, కాల్షియం 40. మీ గోడ మీద వేలాడే ఆవర్తన పట్టికలోని అంకెలు ఇవే. ఇలాంటి చిన్న కొలతలు ఎన్ని కలిస్తే ఒక గ్రాము అవుతుంది? 6.022×10²³. గ్రాముల్ని కిలో చెయ్యడానికి 1000 ఎలాగో, ఈ చిన్న కొలతల్ని గ్రాము చెయ్యడానికి ఈ అంకె అలాగ. అందుకే అన్ని ఆక్సిజన్ పరమాణువులు తీసుకుంటే 16 గ్రాములు, అన్నే కార్బన్ పరమాణువులు తీసుకుంటే 12 గ్రాములు. ఆ 'అన్ని'కి పెట్టిన పేరు మోల్. డజను, గ్రోసు, వెయ్యి ఎలాంటి మాటలో ఇదీ అలాంటి మాటే. కాకపోతే పెద్దది.

ఆ అంకెను దేవుడు చెక్కి ఇచ్చాడేమో అన్నట్టు పిల్లలు బట్టీ పడతారు. మనం గ్రామును కొలతగా పెట్టుకున్నాం కాబట్టి అదొచ్చింది. మన కంసాలులు 11.66 గ్రాముల తులాన్ని కొలతగా పెట్టి రసాయనశాస్త్రం రాసి ఉంటే ఆ అంకె 7.02×10²⁴ అయ్యేది, లెక్కలన్నీ మాత్రం ఇలాగే నడిచేవి. (ఇప్పుడు నగల కొట్లో తులమంటే 10 గ్రాములే చేతిలో పెడుతున్నారు, అది వేరే ఏడుపు.) 2019 మే 20 నుంచి ఈ అంకెను 6.02214076×10²³ అని ఖాయం చేసేశారు. అంతకుముందు 12 గ్రాముల కార్బన్-12లో ఎన్ని పరమాణువులుంటే అన్ని అనేవారు. నీ పరీక్షలో రెండింటికీ తేడా రాదు.

నా తప్పు ఒకటి చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేను పార్వతీపురం వైపు ఒక బడిలో పని చేశాను. బరువును అణుభారంతో భాగిస్తే మోల్‌లు అని బోర్డు మీద రాసి, ఇరవై లెక్కలు చేయించేశాను. వెనక బెంచీలో ఒక గుంటడు లేచి, "మేడమ్, ఇంతకీ మోల్ ఎంత బరువు?" అన్నాడు. ఎగతాళి చేస్తున్నాడనుకుని కూర్చోబెట్టేశాను. వాడు అడిగింది ఆ రోజు క్లాసులో వచ్చిన ఒకే ఒక్క అసలు ప్రశ్న. డజను ఎంత బరువు అని అడిగితే 'దేని డజను' అని తిరిగి అడగాలి. అరటిపళ్లదా, గుమ్మడికాయలదా? మోల్ కూడా అంతే. 'దేని మోల్' అని వాడు తనంతట తానే అడిగేలా చెయ్యాల్సింది. చెయ్యలేదు. నీకు మోల్ చెప్పినాయన కూడా ఆ ఏడు నేనున్నట్టే ఉన్నారేమో. మార్కులు పైకి చదవడం మాత్రం నేను ఎప్పుడూ చెయ్యలేదు, అది తప్పు. ఆ తప్పు ఆయనది, నీది కాదు.

ఇప్పుడు నీ మూడు లెక్కలు.

మొదటిది: 8 గ్రాముల ఆక్సిజన్ వాయువులో అణువులెన్ని, పరమాణువులెన్ని? నువ్వు 8ని 16తో భాగించి అర మోల్ అణువులన్నావు, దాన్ని రెట్టింపు చేసి ఒక మోల్ పరమాణువులన్నావు. గాలిలో ఆక్సిజన్ జంటగా ఉంటుంది. దాన్ని నిండు జీడిపప్పు అనుకో. నిండు పప్పు రెండు బద్దల జత కదా. అణువు నిండు పప్పు, పరమాణువు బద్ద. బద్ద బరువు 16, నిండు పప్పు బరువు 32. నువ్వు బద్ద బరువుతో భాగించి, వచ్చినవాటిని నిండు పప్పులన్నావు. ఆపైన వాటిని మళ్లీ బద్దలు చేశావు. అందుకే రెండు జవాబులూ సరిగ్గా రెట్టింపు వచ్చాయి. 8ని 32తో భాగిస్తే 0.25 మోల్, అంటే 1.505×10²³ అణువులు. బద్దలు చేస్తే 0.5 మోల్, 3.011×10²³ పరమాణువులు. బద్దలు చేసినా పప్పు బరువు మారదు, ఎనిమిది గ్రాములు ఎనిమిది గ్రాములే. కూడికలో, భాగహారంలో నువ్వు ఎక్కడా తప్పలేదు. నువ్వు తప్పింది 'దేన్ని లెక్కపెడుతున్నాను' అన్నచోట.

ఆ తప్పుకి సగం కారణం మన భాషే. పేపర్లో అణుబాంబు, అణుశక్తి అని రాస్తారు. మీ జిల్లాలోనే కొవ్వాడ అణు విద్యుత్ కేంద్రం అని ఏళ్లతరబడి వింటున్నాం. అక్కడ 'అణు' అంటే పరమాణువు. పాఠ్యపుస్తకంలో 'అణువు' అంటే మాలిక్యూల్, 'పరమాణువు' అంటే ఆటమ్. చిన్నప్పట్నుంచి విన్న మాట ఒకటి, పరీక్షలో మాట ఇంకొకటి. దానికి తోడు ఇప్పుడు ఇంగ్లీషులో మోల్, మాలిక్యూల్, మోలార్, మోలాల్ అని ఒకదాని వెంట ఒకటి దొర్లుతుంటే ఎవరికైనా చెవులు గింగురుమంటాయి. నోటుబుక్కు చివరి పేజీలో ఈ మాటల్ని పక్కపక్కన తెలుగులో, ఇంగ్లీషులో రాసుకుని, ప్రతిదాని పక్కన 'నిండు పప్పు', 'బద్ద', 'లెక్క' అని నీ భాషలో గుర్తు పెట్టుకో. ఎవరికీ చూపించక్కర్లేదు.

ఇంకో మాట. ఈ తప్పు నీకంటే ముందు, పరమాణు సిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్ చేశాడు. ఒకే రకం పరమాణువులు రెండు జతకట్టవని ఆయన గట్టిగా నమ్మాడు, నీటికి ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ అని రాసుకున్నాడు. 1811లో అవొగాడ్రో అనే ఇటలీ శాస్త్రజ్ఞుడు, అలా కాదు, ఆక్సిజన్ జంటగా ఉండొచ్చని చెప్పాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆయన 1856లో పోయాడు. 1860లో జర్మనీలోని కార్ల్స్‌రూహేలో రసాయన శాస్త్రజ్ఞులు సమావేశమైనప్పుడు, ఇటలీ నుంచి వచ్చిన కానిజారో అదే మాట మళ్లీ ఎత్తాకే అందరూ దారికి రావడం మొదలైంది. నిండు పప్పుకీ బద్దకీ తేడా తేలడానికి పెద్దపెద్దవాళ్లకి యాభై ఏళ్లు పట్టింది. మన 6.022×10²³కి అవొగాడ్రో సంఖ్య అని పేరు, కానీ ఆ అంకె ఆ అవొగాడ్రోకే తెలియదు. 1909లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాఁ పెరిన్ ఆయన గౌరవార్థం ఆ పేరు పెట్టాడు. నీకు రెండు నెలల్లో ఎక్కలేదని ఏడుస్తున్నావు.

రెండో లెక్క: 10 గ్రాముల సున్నపురాయిని పూర్తిగా కాలిస్తే ఎంత కార్బన్ డయాక్సైడ్ వస్తుంది? సమీకరణంలో ఒకటికి ఒకటి ఉంది కాబట్టి 10 గ్రాములకి 10 గ్రాములని రాశావు. సమీకరణంలోని అంకెలు గింజల లెక్క, తూకం కాదు. ఒక సున్నపురాయి 'గింజ' బరువు 100. అది విడిపోతే 56 బరువున్న సున్నం, 44 బరువున్న వాయువు వస్తాయి. 10 గ్రాముల సున్నపురాయి అంటే 0.1 మోల్. ఒకటికి ఒకటి కాబట్టి వాయువూ 0.1 మోల్. దాన్ని మళ్లీ తూకంలోకి మారిస్తే 4.4 గ్రాములు. నువ్వు రాసినట్టు 10 గ్రాములూ వాయువై ఎగిరిపోతే బట్టీలో సున్నం ఎక్కడ మిగులుతుంది? ఇలా అడిగి చూసుకుంటే జవాబు తప్పని నీకే తెలిసిపోయేది.

పలాసలో రైలెక్కి బొబ్బిలి వెళ్లాలంటే విజయనగరం జంక్షన్లో దిగి మారాలి కదా. ఒక పదార్థం గ్రాముల నుంచి ఇంకో పదార్థం గ్రాములకి నేరుగా బండి లేదు. మోల్ అనే జంక్షన్లో దిగాలి, అక్కడ సమీకరణంలోని నిష్పత్తి చూసుకుని మారాలి, మళ్లీ ఎక్కాలి. నువ్వు ఆరో తరగతిలో చేసిన ఏకవస్తు మార్గమే ఇది, మీ తాతలు త్రైరాశికం అన్నారు. ఆ 10²³ని చివరి అడుగు వచ్చేదాకా బయటికి తియ్యకు. సంఖ్య అడిగితేనే అది కావాలి, గ్రాములు అడిగితే దానితో పనే లేదు.

అదే వాయువును లీటర్లలో అడిగితే 0 డిగ్రీల దగ్గర, ఒక అట్మాస్ఫియర్ పీడనంలో మోల్‌కి 22.4 లీటర్లు, కాబట్టి 2.24. కొన్ని పుస్తకాల్లో 22.7 అని ఉంటుంది. అది ఒక బార్ పీడనానికి. ప్రశ్నలో ఏ పీడనం ఇచ్చారో చూసుకో, స్నేహితులతో వాదన పెట్టుకోకు.

మూడోది: 4 గ్రాముల హైడ్రోజన్, 4 గ్రాముల ఆక్సిజన్ కలిపి మండిస్తే ఎంత నీరు? నువ్వు 8 గ్రాములన్నావు. ఇది అందమైన తప్పు. మొత్తం బరువు ఎక్కడికీ పోదన్న సంగతి నీకు తెలుసన్నమాట. కానీ ఆ 8 గ్రాముల్లో అంతా నీరేనా? పెళ్లింట్లో తాంబూలాలు కడుతున్నారనుకో. ఒక్కోదానికి రెండు తమలపాకులు, ఒక వక్క. ఆకులు వంద, వక్కలు ఇరవై ఉన్నాయి. ఎన్ని తాంబూలాలు? ఇరవైకే ఆగిపోతాయి, అరవై ఆకులు పళ్లెంలో మిగిలిపోతాయి. ఆకులూ వక్కలూ సమానంగా చెరో కిలో తెచ్చామంటే లాభం లేదు. ఆకు తేలిక, వక్క బరువు, అందుకని లెక్క ఒకటి కాదు. ఇక్కడ హైడ్రోజన్ ఆకు, ఆక్సిజన్ వక్క. రెండు హైడ్రోజన్ అణువులకి ఒక ఆక్సిజన్ అణువు కావాలి. నీ దగ్గర హైడ్రోజన్ 4 బై 2, అంటే 2 మోల్. ఆక్సిజన్ 4 బై 32, అంటే 0.125 మోల్. వక్కలు అయిపోయాయి. ఖర్చయ్యే హైడ్రోజన్ 0.25 మోల్, వచ్చే నీరు 0.25 మోల్, 18తో గుణిస్తే 4.5 గ్రాములు. మిగిలిన హైడ్రోజన్ 1.75 మోల్, అంటే 3.5 గ్రాములు. కలిపితే నీ 8 గ్రాములూ దొరికాయి. (తాంబూలంతో పోలిక ఇంతవరకే. అక్కడ ఒకటి తయారైతే ఇక్కడ రెండు నీటి అణువులు తయారవుతాయి, అది మర్చిపోకు.)

మూడు లెక్కల్లోనూ ఒకటే చోట జారావు, ఎన్ని గింజలు అన్న లెక్కకీ ఎంత తూకం అన్నదానికీ మధ్య. పరీక్షలో ఇరవై ఒక్క మార్కులు పోయినా, పోయిన కారణం ఒకటే. ఒక చిల్లు మూస్తే సరిపోయే కుండని పగలగొట్టాలా అన్నది నీ మొదటి ప్రశ్న.

సీఈసీ సంగతి. అదేమీ తక్కువ గ్రూపు కాదు. బీకాం, సీఏ, లా, గ్రూప్స్, అన్నిటికీ అక్కణ్ణుంచి దారులున్నాయి. నీకు లెక్కలు, సైన్సు మొదట్నుంచీ ఇష్టం లేక, పదిలో మార్కులొచ్చాయని ఎవరో తోసేస్తే ఎంపీసీలోకి వచ్చి ఉంటే, మారడమే మేలు. రెండేళ్లు ఏడుస్తూ చదవక్కర్లేదు. కానీ నీ ఉత్తరంలో ఎక్కడా కామర్స్ ఇష్టమని లేదు, సివిక్స్ ఇష్టమని లేదు. రూమ్మేటు హాయిగా ఉందని మాత్రమే ఉంది. ఆ అమ్మాయి హాయి ఆమెది. ఎంపీసీ చదివినవాళ్లు తర్వాత బీకాంకో, బీఏకో, లాకో వెళ్లొచ్చు. సీఈసీ చదివాక ఇంజనీరింగ్ మీద మనసైతే మళ్లీ మొదటికి రావాలి. మారాలంటే కాలేజీలో గడువుంటుంది, ఇప్పుడు ఆ గడువు ఉందో లేదో, కట్టిన ఫీజు ఏమవుతుందో ఆఫీసులో ముందు అడుగు. అడిగినంత మాత్రాన మారిపోయినట్టు కాదు. చాలామంది పిల్లలు అడగడానికే భయపడి, భయంలోనే నిర్ణయం తీసేసుకుంటారు.

ఇంకో దారి ఉంది, ఎవరూ పైకి చెప్పరు గానీ హాస్టళ్లలో చాలామంది నడిచేదే. ఎంపీసీలో ఉండి, మోల్ వదిలేసి, మిగతా పాఠాలతో గట్టెక్కడం. పాసవడం వరకు కుదరొచ్చు. కానీ ఇది వదిలేసినా నిన్ను వదిలే పాఠం కాదు. ద్రావణాల్లో మోలారిటీ అయి వస్తుంది. విద్యుత్ రసాయనంలో ఫారడే అయి వస్తుంది (ఒక మోల్ ఎలక్ట్రాన్ల ఆవేశమే దాదాపు 96,500 కూలుంబ్‌లు). ప్రాక్టికల్స్‌లో బ్యూరెట్టు పట్టుకున్న ప్రతిసారీ వస్తుంది. అప్పుడు ఎదురయ్యేది ఒక్క అధ్యాయం కాదు, అరడజను.

మూడోది, ఉండి బాగుచేసుకోవడం. నన్నడిగితే దీనివైపే మొగ్గుతాను, కానీ ఊరికే ఉండిపోవడం కాదు. దసరా సెలవులకి ఇంటికెళ్తావు కదా, మీ పాత బడికి వెళ్లు. తొమ్మిదో తరగతి పుస్తకంలో పరమాణువులు, అణువుల పాఠం తెరిచి, తెలుగు పేజీ, ఇంగ్లీషు పేజీ పక్కపక్కన చదువు. అక్కడి సైన్సు టీచరుకి నీ మూడు లెక్కలూ చూపించు. పదిలో మార్కులు తెచ్చుకున్న పిల్ల మళ్లీ వస్తే ఏ టీచరూ విసుక్కోరు. కాలేజీకి తిరిగొచ్చాక లెక్చరర్‌గారి దగ్గరికి వెళ్లాలా వద్దా అన్నది నీ ఇష్టం. వెళ్తే "సర్, నాకు మోల్ రాదు" అనకు. అంత పెద్ద మాటకి ఆయన దగ్గర కూడా జవాబుండదు, ఇంకో చురక తప్ప. "సర్, ఇక్కడ 16తో భాగించాను, 32తో భాగించాలా?" అని కాగితం ముందుపెట్టు. చిన్న ప్రశ్నకి చాలామంది మనుషుల్లా జవాబిస్తారు. ఆయన అప్పుడూ కసిరితే, ఆయన్ని వదిలేసి ఇంకో సెక్షన్ లెక్చరర్ని అడుగు. కెమిస్ట్రీ ఒక్కాయన సొత్తు కాదు. హోంవర్కు చూసి రాయడం మాత్రం ఇవాళే ఆపు. తప్పు రాసి ఇచ్చినా పర్వాలేదు. నీ తప్పుల్ని నువ్వు నాకు దింపి పంపావు కాబట్టే జారిన చోటు దొరికింది. చూసి రాసిన ఒప్పుల్ని పంపి ఉంటే నేనేమీ చెప్పలేకపోయేదాన్ని.

దసరా తర్వాత ఒక నెల ఇలా చేసి, అప్పటికీ కెమిస్ట్రీ పుస్తకం చూస్తేనే ఒళ్లు మండుతుంటే, వచ్చే ఏడు గురించి మీ అమ్మానాన్నలతో కూర్చుని మాట్లాడొచ్చు. అప్పుడు తీసుకునే నిర్ణయంలో సిగ్గు ఉండదు.

ఇక అమ్మ. ఫోన్లో ఇప్పుడే చెప్పెయ్యొచ్చు. భారం వెంటనే దిగుతుంది, కానీ ఆవిడకి నీ మొహం కనపడదు, నీకు ఆవిడ మొహం కనపడదు, రాత్రంతా ఇద్దరికీ నిద్ర ఉండదు. చెప్పకుండా వచ్చే పరీక్షలో నిజంగానే పద్దెనిమిది తెచ్చుకుని అబద్ధాన్ని నిజం చేసేద్దామనీ నీకు అనిపిస్తుంటుంది, తెలుసు. దాంట్లో చిక్కేమిటంటే అప్పటిదాకా ప్రతి ఆదివారం ఇంకో అబద్ధం కావాలి. పైగా కాలేజీలవాళ్లు మార్కులు ఇంటి ఫోనుకి మెసేజీ పెట్టేస్తుంటారు. ఎవరో చదివి చెప్తే తెలియడం కంటే నీ నోటితో తెలియడం నయం. సెలవుల దాకా ఆగి ఎదురుగా చెప్పడం ఒక పద్ధతి. ఆగేట్టయితే ఈలోపు ఫోన్ మాత్రం ఎత్తు. మార్కుల ఊసు వస్తే "ఇంటికొచ్చాక చెప్తానమ్మా" అను. అది అబద్ధం కాదు. ఆవిడకి అక్కడే సగం అర్థమైపోతుంది. వీధిలో పరువు పోతుందని నీ భయం. వీధివాళ్లకి నీ మార్కులు రెండు రోజులకి మించి గుర్తుండవు. నాన్నకి ఎప్పుడు, ఎలా చెప్పాలో అమ్మకే వదిలెయ్యి, ఆవిడకి ఆయన సంగతి నీకంటే బాగా తెలుసు.

అన్నం సయించట్లేదన్నావు. ఇది లెక్కల కంటే ముందు చూడాల్సింది. వారం దాటినా ఇలాగే ఉంటే, రాత్రిళ్లు నిద్ర పట్టకపోతే, సెలవుల దాకా ఆగకు, వార్డెన్‌కి చెప్పి ఇంటికి వెళ్లిపో. ఎవరితోనూ చెప్పుకోలేననిపిస్తే 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అని ప్రభుత్వానిదే, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. నాలుగు మార్కులకి అంత అవసరమా అని సిగ్గుపడకు.

సెలవుల్లో ఒక పని పెడుతున్నాను. పప్పు మీ ఇంటికొస్తే ఇంట్లో, లేకపోతే అడిగి తెచ్చుకుని, మీ అమ్మ చేత రెండొందల నలభై రకం నిండు పప్పులు వంద ఏరించు. బద్దలు కలవనివ్వకు. కిరాణా కొట్లో ఎలక్ట్రానిక్ కాటా ఉంటుంది, దాని మీద తూయించు. తూచేముందు ఎంత రావాలో నువ్వు కాగితం మీద లెక్కకట్టు, ఎంత ఉంటుందో అమ్మని చేత్తో పట్టుకుని చెప్పమను. నా లెక్క ప్రకారం 189 గ్రాములకి తగ్గకూడదు, 206 దాటకూడదు. నీ లెక్క, అమ్మ చెప్పిన తూకం, కాటా తూకం, మూడూ నాకు రాసి పంపు. తేడా వస్తే ఎవరిది ఎంత తప్పిందో కూడా రాయి.